శిష్యత్వము మనకు ఎందుకు మింగుడుపడదు?

పాఠ్యభాగములు: లూకా 14:25–33; యోహాను 6:60–69; మార్కు 10:28–30



ఈ పాఠము వ్రాయుటకు కారణమైన సంగతి మొదట చెప్పెదను. కొన్ని నెలల క్రితము ఒక శనివారము సాయంత్రము, బెంగుళూరు బండి దిగి ఒక యౌవనస్థుడు తిన్నగా మా యింటికి వచ్చాడు. మన సండేస్కూలులో పెరిగిన పిల్లవాడే. బెంగుళూరులో పని చేసుకొనుచు, రాత్రిళ్లు ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్నాడు. "మాస్టారూ, నేను బాప్తిస్మము తీసుకోవాలి" అన్నాడు. నాకు ఎంత సంతోషమైనదో చెప్పలేను. కాఫీ తెమ్మని లోపలికి కేక వేశాను. కాఫీ వచ్చేలోగా అతడు రెండవ మాట చెప్పాడు. "కాని నా పేరు పుస్తకములో వ్రాయవద్దు. సర్టిఫికెట్టు పోతుంది."

సంఘ సభ్యుల పుస్తకము చాలా ఏండ్లుగా నా బీరువాలోనే ఉన్నది. ఆ సాయంత్రము నేనతనికి సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించి చెబుతానని పంపించాను. ఆ ఆలోచన ఎక్కడికి పోయినదో మీ ముందు పెట్టుచున్నాను. మీలో చాలామంది ఈ ఊరు విడిచి బెంగుళూరు, హోసూరు, చెన్నై, గల్ఫ్ దేశములకు పోయినవారు. ఇటువంటి ప్రశ్న మీ యిండ్లలో కూడ ఉండియుండును.

శిష్యత్వము ఎందుకు కష్టమని క్లాసులో అడిగితే పిల్లలు ఠక్కున చెప్పెదరు: లోకాశలు, సాతాను, శ్రమలు అని. తప్పేమీ లేదు. అయితే ముప్పది ఏండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసినవాడను గనుక చెప్పుచున్నాను, ఠక్కున వచ్చిన జవాబు సాధారణముగా కంఠస్థము చేసినదై యుండును. కొంచెము నిలిచి లూకా సువార్త 14వ అధ్యాయము చూడుడి.

అక్కడ యేసు ప్రభువు వెంట గొప్ప జనసమూహము నడచుచున్నది. ఈ దినములలో ఏ బోధకుడైనను అంత జనమును చూచి మైకు పెద్దది చేయించును, ఫోటో తీయించును. ప్రభువు వెనుకకు తిరిగి వారిలో సగముమంది ఇండ్లకు పోవునట్టి మాట చెప్పారు. తండ్రిని, తల్లిని, భార్యను, పిల్లలను, తన ప్రాణమును సహితము ద్వేషింపనివాడు తన శిష్యుడు కానేరడని. ద్వేషము అను మాటకు మత్తయి 10:37 అర్థము చెప్పుచున్నది: తనకంటె ఎక్కువగా ఎవరిని ప్రేమింపరాదని. కాని ఆ పట్టికలో ఎవరెవరున్నారో గమనించితిరా? హేరోదు లేడు, రోమా సైనికులు లేరు. ఉన్నవారందరు మన వంటింటిలో కూర్చుండి మనతో అన్నము తినువారు. శత్రువు పెట్టు శ్రమకు మనిషి కొంత సిద్ధపడియే ఉండును. అమ్మ కంటనీరు పెట్టుకొని, "ఇదొక్కటి వదిలెయ్యి నాయనా, చెల్లెలి పెండ్లి కానీ" అన్నప్పుడు సిద్ధపాటు ఎక్కడిది?

ఆ తరువాత ప్రభువు గోపురము కట్టువాని సంగతి చెప్పారు. పునాది వేసి ముగింపలేనివాని చూచి ఊరివారు నవ్వెదరు. మన కె.జి.ఎఫ్. వారికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినప్పుడు సగములో ఆగిన గోడలు ఎన్ని చూడలేదు! చెల్లింపు డబ్బు వచ్చును, స్లాబు వేయుదుమని అనుకొన్నవారు, తరువాత తెల్లవారుజామున బెంగుళూరు బండి పట్టుకొని దినకూలికి పోయిరి. వారిని చూచి మేము నవ్వలేదు. లెక్క తప్పినది వారు కాదు. కాని లెక్క అను మాట ఎంత బరువైనదో ఆ గోడలు మాకు నేర్పినవి.

యోహాను 6వ అధ్యాయములోనిది మరియొక విధమైన సంగతి. ఐదువేలమంది రొట్టెలు తిన్నారు. మరునాడు పడవలెక్కి వెదకుచు వచ్చారు. రొట్టె సంగతి విడిచి ప్రభువు తన్ను గూర్చియే చెప్పగా, ఇది కఠినమైన మాట, దీనిని ఎవడు వినగలడని శిష్యులలోనే అనేకులు వెనుదీసిరి. ప్రభువు వారి వెంట పరుగెత్తలేదు. మాట మెత్తన చేయలేదు. మిగిలిన పన్నెండుమందిని, మీరు కూడ వెళ్లుదురా అని అడిగారు. నాకు ఈ భాగము చదివిన ప్రతిసారి మన సంఘ చరిత్ర జ్ఞాపకము వచ్చును. మన పితరులకు రొట్టె పరీక్ష నిజముగానే వచ్చినది.

ఆ చరిత్ర మనలో పెద్దలకు తెలియును, పిల్లలకు అంతగా తెలియదు. కొంచెము వివరముగా చెప్పెదను.

క్లౌ దొరగారు 1865లో అమెరికా నుండి వచ్చి 1866లో ఒంగోలులో కాపురము పెట్టారు. అదే సంవత్సరము తోళ్ల వ్యాపారము చేయు యెర్రగుంట్ల పేరయ్యగారు, ఆయన భార్య బాప్తిస్మము పొందారు. పేరయ్యగారు మాదిగ కులస్థుడు. చదువు లేదు గాని, దేవుని వెదకి అలసిన మనిషి. ఆయన తన వారి మధ్య తిరిగి చెప్పగా జనము కదిలినది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడినది.

ఇదే సమయములో ఒంగోలు పట్టణపు అగ్రవర్ణముల వారు దొరగారి వద్దకు వచ్చుచుండిరి. తమ పిల్లలకు బడి కావలెనన్నారు. బోధ కూడ శ్రద్ధగా వినుచుండిరి. అంతలో పల్లెలనుండి మాదిగలు విశ్వాసులై వచ్చి చేరుచుండగా వీరు ఆగిపోయారు. వారిని చేర్చుకొంటే మేము రామని తేల్చి చెప్పారు. దొరగారికి అది గొప్ప శోధన. పట్టణపు పెద్దలు వస్తే పనికి ఎంత బలము! ఆ దినములలో ఆయన ఒక గదిలో, దొరసానిగారు మరియొక గదిలో, ఒకరికొకరు చెప్పుకొనకుండ బైబిలు తెరువగా ఇద్దరికీ మొదటి కొరింథీ 1:26–29 దొరికినదట. జ్ఞానులు, ఘనులు అనేకులు పిలువబడలేదను భాగము అది. వారు పల్లెవారిని చేర్చుకొన్నారు. పట్టణపువారు పిల్లలను బడి మాన్పించారు.

ఆ పెద్దలను మనము సులభముగా తప్పుపట్టెదము. వారు క్రీస్తును కాదనలేదు సుమా! ఆయన బోధ బాగున్నదనిరి. ఆయన ప్రక్కన ఎవరు కూర్చుండియున్నారో అది వారికి మింగుడుపడలేదు.

ఇక చేరిన మాదిగవారికి సుళువుగా ఉన్నదా? వారిముందు పెట్టిన నియమములు వినుటకు చిన్నవి: ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈనాడు బాప్తిస్మపు తరగతిలో వీటిని చెబితే పిల్లలు ఇంతేనా అందురు. కాని ఆ పల్లెలో చచ్చిన పశువును ఈడ్చుకొని పోవుట మాదిగవాని వంతు. జాతరలో డప్పు కొట్టుట వాని వంతు. ఏ దినము పిలిస్తే ఆ దినము చాకిరికి పోవుట వాని వంతు. దానికి ప్రతిగా కళ్లములో గింజలు కొలుచుదురు. కాబట్టి ఆ మూడు నియమములు మూడు త్రాళ్లవలె వాని అన్నపు కుండకు చుట్టుకొని ఉన్నవి. డప్పు కొట్టను అన్నవానికి గింజలు ఆగినవి. కొన్ని ఊళ్లలో బావి నీళ్లు ఆగినవి, దెబ్బలు పడినవి, దొంగ కేసులు వచ్చినవి.

నేను చెప్పదలచిన మొదటి మాట ఇదియే. ప్రభువు ఒక మనిషిని పిలుచునప్పుడు వాని అన్నము, వాని మర్యాద దేనిమీద ఆనుకొని ఉన్నవో సరిగా దానిమీదనే చేయి వేయును. ధనవంతుడైన ఆ యౌవనస్థుని దగ్గర ఆస్తిమీద, పేతురు దగ్గర వలలమీద. మన చేతికి సులువుగా వచ్చునది ఆయన అడిగితే అందరము శిష్యులమే.

తరువాత 1876 మొదలు 1878 వరకు మహా కరవు. మన కోలారు సీమలో కూడ జనము ఆ కరవున ఎంతో నశించిరి. ఒంగోలు ప్రాంతములో జనము చచ్చుచుండగా దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేశారు. బోధకులు ఆ కూలివారి మధ్యనే ఉండి మట్టిగంపల ప్రక్కన వాక్యము చెప్పారు. బాప్తిస్మము ఇమ్మని వేలమంది అడిగారు. సుమారు పదిహేను నెలలు దొరగారు ఒక్కరికిని ఇయ్యలేదు! ఈనాడు ఏ సంఘమైనను అట్లు చేయునా? కూలి కోసము వచ్చినవారెవరో, క్రీస్తు కోసము వచ్చినవారెవరో అన్నము పెట్టుచున్న చేతికి తెలియదని ఆయన భయము. కరవు తగ్గి, కాలువ పని ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పిన తరువాత కూడ జనము తిరిగిపోలేదు. మాకు సహాయము వద్దు, కష్టపడి బ్రదుకుదుమని కాయలు కాచిన చేతులు చూపిరట. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి ఇచ్చారు.

మనము 2,222 అను సంఖ్యను జూబిలీ సభలలో చెప్పుకొని చప్పట్లు కొట్టుదుము. ఆ పదిహేను నెలలను చెప్పుకొనము.

మా తాతగారు ఆ ఒంగోలు సీమ నుండియే ఈ గనులకు వచ్చారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టిన తరువాత తమిళ దేశమునుండియు, చిత్తూరు, నెల్లూరు వైపునుండియు జనము వచ్చి లైను ఇండ్లలో చేరిరి. ఇక్కడ డప్పు కొట్టుమనువారు లేరు. భూమిలో రెండు మైళ్ల లోతున, రాయియే కాలుచున్న చోట, మేస్త్రీ పిలిచిన పేరే పేరు. ఊరి బంధకములనుండి విడుదల వచ్చినదని మావాళ్లు దేవుని స్తుతించారు. నిజమే. కాని అన్నపు కుండకు క్రొత్త త్రాళ్లు చుట్టుకొన్నవి.

చెప్పుటకు సిగ్గుగా ఉన్నను ఒకటి చెప్పెదను. చాలా ఏండ్ల క్రితము లైనులో గృహకూటములకు వరుసగా నేను వాక్యము చెప్పుచుంటిని. ఒక వారము త్రాగుడును గూర్చి గట్టిగా చెప్పాను. త్రాగనివారందరు ఎంతో బిగ్గరగా ఆమేన్ అన్నారు. త్రాగువారు ఎట్లును రాలేదు. మరుసటి వారము వడ్డీని గూర్చి చెప్పాను. జీతపు దినమున గని గేటు దగ్గర నిలుచుండి తోటి విశ్వాసి చేతినుండి నూటికి పది వసూలు చేయుట తగునా అని అడిగాను. ఆమేన్ వినబడలేదు. ఆ పై వారము మూడు కుటుంబములు రాలేదు. వారిలో ఒకరు కానుకల లెక్క చూచువారు! పెండ్లి సంబంధముల సంగతి చెప్పనే అక్కరలేదు. ఒకే పాత్రలోనిది త్రాగెదము, ఒకే రొట్టె విరిచెదము. సంబంధము మాట వచ్చేసరికి "వాళ్లు ఏ వైపువాళ్లు?" అని గొంతు తగ్గించి అడుగుదుము. ఒంగోలు పట్టణపు పెద్దలు అన్నది కూడ అదే కదా.

ఇప్పుడు ఆ పిల్లవాని సర్టిఫికెట్టు సంగతికి వచ్చెదను. తెలియనివారి కొరకు క్లుప్తముగా చెప్పుచున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులములవారిగా హిందువులనే గుర్తింతురు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. 1985లో సూసై అను వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను మతముతో ముడి తీసివేయుమని సిఫారసు చేసినను అది జరుగలేదు. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ గారితో మరియొక కమిషను వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసములో నడచుచు ఉద్యోగము కొరకు మాత్రము హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటయే అన్నది. ఆంధ్రలో మనవారిని బి.సి.–సి అను పట్టికలో పెట్టారు. మతము మారినంత మాత్రమున ఊరిలో అంటు పోలేదని మనకందరికి తెలియును గనుక ఈ చట్టము అన్యాయమని నా అభిప్రాయము. దానిని మార్చమని న్యాయముగా అడుగుటలో తప్పు లేదు. కాని చట్టము మారేవరకు ఆ పిల్లవాడు ఏమి చేయవలెను?

ఇక్కడ నా సంగతి కూడ దాచకూడదు. నేను టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టిన దినమున ఫారములో మతము అను గడి వచ్చినది. నా స్నేహితులిద్దరు హిందూ అని వ్రాశారు. నేనును అట్లే వ్రాయుటకు కలము ఎత్తాను. నాన్నగారు రాత్రి షిఫ్టు దిగి, కండ్లు ఎర్రగా, నా ప్రక్కన నిలుచుండియున్నారు. ఏమియు అనలేదు. నేను క్రైస్తవుడనని వ్రాశాను. ఆ సంవత్సరము సీటు రాలేదు. నా స్నేహితులకు వచ్చినది. రెండేండ్లు నేను నాన్నగారితో సరిగా మాట్లాడలేదు. తరువాత జనరలులో సీటు వచ్చినప్పుడు కూడ కృతజ్ఞత కంటె కోపమే ఎక్కువగా ఉండెను. సాక్ష్య కూటములలో ఈ సంగతిని నా విశ్వాస విజయముగా చాలాసార్లు చెప్పాను. ఆ దినమున వ్రాసిన నిజము నాది కాదు, నాన్నగారిది. నేను దానిని నాదిగా చేసికొనుటకు చాలా ఏండ్లు పట్టినది.

ఇంకొకటి కూడ నేను సాక్ష్యములో చెప్పలేదు. ఆ రెండేండ్లు నేను ఖాళీగా కూర్చుండలేదు. సంఘ డీకను ఒకరు, గనిలో దుంగల పని చేయువారు, నాకు లైను పిల్లల ట్యూషను ఏర్పాటు చేసి, నెలనెల తన జీతములోనుండి నా చేతిలో కొంత పెట్టారు. మా యింటిలో బియ్యము తక్కువైనప్పుడు ఎవరింటినుండియో వచ్చెడిది. నాన్నగారు అంత నిబ్బరముగా నిలుచుండగలిగినది విశ్వాసము వలననే. కాని వెనుక సంఘము ఉన్నదని ఆయనకు తెలియును.

ఆ పిల్లవాడు రెండవసారి వచ్చినప్పుడు ఇదంతయు అతనికి చెప్పాను. అతడు శ్రద్ధగా విని, "మాస్టారూ, మీ ప్రక్కన మీ నాన్నగారున్నారు. నా ప్రక్కన ఎవరున్నారు?" అన్నాడు. అతని తండ్రి లేడు. తల్లి ఇక్కడ, చెల్లెలు నర్సింగు చదువుచున్నది, ఇతడు బెంగుళూరులో నలుగురితో కలసి ఒక గదిలో.

ఆ ప్రశ్న నన్ను మార్కు 10వ అధ్యాయమునకు త్రిప్పినది. సమస్తము విడిచితిమని పేతురు అన్నప్పుడు ప్రభువు, ఇండ్లు, అన్నదమ్ములు, తల్లులు, భూములు నూరంతలుగా ఇహమందే దొరకునని, హింసలతో కూడ దొరకునని చెప్పారు. ఒక్క మనిషికి నూరు ఇండ్లు ఎట్లు దొరకును? నూరు ఇండ్లవారు తలుపు తీస్తేనే. అపొస్తలుల కార్యములు 4:34లో జరిగినది అదే. వెల్లంపల్లి దగ్గర నీళ్లలో దిగినవారు కూడ ఒంటరిగా దిగలేదు. పల్లెలు పల్లెలుగా దిగారు. గింజలు ఆగిననాడు ఒకరి గంజి ఒకరు త్రాగారు. వలసపోయిన మన పిల్లలను మాత్రము మనము ఒంటరిగా దిగమనుచున్నాము. శిష్యత్వము వారికి మింగుడుపడకపోవుటకు సగము కారణము వారి హృదయములో ఉన్నదనుకొంటే, మిగిలిన సగము మన చేతులలో ఉన్నది. నేను పుస్తకము, కలము పట్టుకొని కూర్చుంటిని గాని, అతని ఖర్చులో నా వంతు ఎంతో లెక్క చూడలేదు.

అతనిని వెళ్లగొట్టుట కూడ నాకు సరిగా తోచలేదు. నీకొదేము రాత్రివేళ వచ్చాడు, ప్రభువు వెలుగులో రమ్మని పంపివేయలేదు. అరిమతయియ యోసేపు రహస్య శిష్యుడేయని యోహాను 19:38 చెప్పుచున్నది. అయినను లాభమేమియు లేని దినమున, సిలువమీద దేహము వ్రేలాడుచున్నప్పుడు, అతడే బయటికి వచ్చాడు. నపుంసకుని పేరు ఫిలిప్పు ఏ పుస్తకములోను వ్రాయలేదని ఆ పిల్లవాడు నాతో వాదించాడు కూడ. సండేస్కూలులో నేనే నేర్పితిని, ఏమి చేయుదును! అయితే ఒక చేతితో బాప్తిస్మము పొంది మరియొక చేతితో నేను క్రైస్తవుడను కానని సంతకము పెట్టుట, ఆ సంతకము జీవితమంతయు మోయుట, అతనికి మేలని నేను చెప్పలేను. ఆ మాట అతని ముఖముననే చెప్పాను. అతడు తల వంచుకొన్నాడు గాని లేచిపోలేదు.

గత నెల పెద్దల కూటములో, పేరు చెప్పకుండ, ఈ సంగతి పెట్టాను. పుస్తకములో వ్రాయకుండ ఇచ్చివేయుదమని ఒకరన్నారు. నియమము నియమమేనని మరియొకరు. అరగంట వాదము జరిగినది. అటువంటి పిల్లవాని చెల్లెలి ఫీజు ఎవరు కట్టుదురని నేను అడిగినప్పుడు అందరు గోడ గడియారము చూచారు. చివరి బల్లమీద మన సంఘపు సహోదరి, స్టేషను దగ్గర బండిమీద ఇడ్లీలు అమ్మునామె, కొంగు ముడి విప్పి వంద రూపాయలు తెచ్చి బల్లమీద పెట్టినది. "ఇది ఈ నెలది" అని పోయి కూర్చున్నది. తరువాత మరి నలుగురు లేచారు. ఫీజుకు అది చాలదు. కాని ఒక వేరు కవరులో పెట్టి కోశాధికారికి ఇచ్చాము.

ఆ పిల్లవాడు ఇంకను తీర్మానించుకొనలేదు. పరీక్ష దరఖాస్తుకు గడువు ఉన్నది. శనివారములు బండి దిగి వచ్చుచున్నాడు, ఇద్దరము కూర్చుండి లూకా చదువుచున్నాము, ఇప్పుడు 18వ అధ్యాయములో ఉన్నాము. మీ సంఘములలో ఇటువంటివారికి ఏమి చేయుచున్నారో, ఏమి చేసి విఫలులైతిరో, దయచేసి వ్రాయుడి. బెంగుళూరులో ఉన్నవారు ఎవరైనను ఆదివారము మధ్యాహ్నము అతనిని భోజనమునకు పిలువగలిగితే నాకు కబురు చేయుడి. అతనికి గోంగూర ఇష్టము.